మంచు రోడ్డుపై వెనుక చక్రాల కారు: శీతాకాలపు టైర్ల ఎంపిక

మిషిగన్, మిన్నెసోటా, ఒంటారియో వంటి మంచు ప్రాంతాలకు చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లల్లో కొందరు మొదటి సంపాదనతో పాత స్పోర్ట్స్ కారు కొంటుంటారు. ఫోర్డ్ మస్టాంగ్, టయోటా 86, మజ్దా ఎంఎక్స్-5 అందులో ముఖ్యమైనవి. ఈ మూడింటికీ ఒక లక్షణం ఉమ్మడి: ఇంజను శక్తి అంతా వెనుక చక్రాలకే చేరుతుంది. వేసవిలో ముచ్చటపడి కొన్న ఆ కారు నవంబరులో తొలి మంచు పడగానే వాకిట్లోంచి కదలదు, లేదా కదిలి మొదటి మలుపులోనే అడ్డం తిరుగుతుంది. అప్పుడు టైర్లకు డబ్బు కావాలని ఇంటికి ఫోను వస్తుంది. ‘టైర్లు కొత్తగానే ఉన్నాయి కదా, మార్చడమెందుకు? మార్చినా రెండు చాలవా?’ అని పెద్దలు అడగడం సహజం. ఆ రెండు ప్రశ్నలకూ సమాధానం టైరు రబ్బరులోనూ, వెనుక నుంచి తోసే కారు స్వభావంలోనూ ఉంది.

రబ్బరు బిరుసెక్కే చలి

వేగం కోసం తయారైన కార్లకు కంపెనీలు తరచు వేసవి టైర్లనే బిగిస్తాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఆ రబ్బరు బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. రోడ్డుపై మంచు లేకున్నా, రోడ్డు పొడిగానే ఉన్నా ఇది జరుగుతుంది. చలి ఇంకా పెరిగి మైనస్ 7 డిగ్రీల దిగువకు పోతే కొన్ని వేసవి టైర్లు పగుళ్ళు వారవచ్చునని, అటువంటి చలిలో కారును కదిలించనే వద్దని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. అంటే టైరు కొత్తదా, పాతదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మెరిసే కొత్త వేసవి టైరు మంచుపై గుండు టైరుతో సమానం.

శీతాకాలపు టైరు రబ్బరు మిశ్రమమే వేరు. గడ్డకట్టే చలిలోనూ అది మెత్తగా ఉంటుంది. పైనున్న దిమ్మెలపై కత్తితో గీసినట్లు వందలాది సన్నని చీలికలు ఉంటాయి. వాటి అంచులు రోడ్డును కొరికి పట్టుకుంటాయి. వెడల్పైన గాడుల్లో మంచు ఇరుక్కుంటుంది. అది లోపమేమీ కాదు. పొడి మంచు మరో మంచు ముద్దకు గట్టిగా అతుక్కుంటుంది కనుక గాడిలోని మంచే పట్టునిస్తుంది.

ఈ టైర్ల చరిత్రలో మన పాఠకులకు పరిచయమైన పేరొకటి కనిపిస్తుంది. ప్రపంచంలో తొలి శీతాకాలపు టైరును 1934లో ఫిన్లండులో లారీల కోసం తయారు చేశారు. కార్ల కోసం ‘హక్కపెలీట్టా’ 1936లో వచ్చింది. ఆ రబ్బరు కంపెనీయే 1967లో నోకియా సంస్థలో కలిసింది. మన ఊళ్ళలో ఒకప్పుడు ప్రతి చేతిలోనూ కనిపించిన సెల్‌ఫోను నోకియా అదే. టైర్ల విభాగం 1988లో విడివడి నేడు నోకియన్ పేరుతో నడుస్తోంది.

రెండు చాలవా?

శక్తి వెనుక చక్రాలకే కనుక వెనుక రెండూ మారిస్తే చాలునన్న వాదన వినడానికి బాగుంటుంది. సింధనూరు, గంగావతి క్యాంపుల్లో ట్రాక్టరుకు దమ్ము చక్రాలు వెనుకనే బిగిస్తారు కదా అనీ అనవచ్చు. అయితే దమ్ము చేసే ట్రాక్టరు నడక వేగంతో కదులుతుంది. బురదే దాన్ని ఆపుతుంది. మలుపు తిరగడానికి కుడి ఎడమలకు వేర్వేరు బ్రేకులూ ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఈ సౌకర్యాలేవీ లేవు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. ఆపే పని ఎక్కువగా ముందు చక్రాలే చేస్తాయి. తిప్పే పని పూర్తిగా వాటిదే. వెనుక మాత్రమే మంచి టైర్లున్న కారు చక్కగా బయలుదేరుతుంది, ఆగవలసిన చోట ఆగదు, స్టీరింగు తిప్పితే తిన్నగా పోతుంది. ముందు రెండే మారిస్తే ఇంకా ప్రమాదం: ముందు భాగం రోడ్డును పట్టుకోగా పట్టు లేని వెనుక భాగం బొంగరంలా తిరుగుతుంది. అందుచేత నాలుగూ ఒకే రకంవి, ఒకేసారి మార్చడం తప్ప వేరే దారి లేదు. ఎక్కడైనా పొదుపు చేయవచ్చు గాని ఇక్కడ కూడదు.

వెనుక నుంచి తోసే కారులో మరొక చిక్కు కూడా ఉంది. ఒక టైరు ఒక సమయంలో ఇవ్వగల పట్టుకు హద్దు ఉంటుంది. యాక్సిలరేటరు గట్టిగా నొక్కితే ఆ పట్టంతా ముందుకు తోయడానికే ఖర్చయి, పక్కకు జారకుండా ఆపే శక్తి మిగలదు. మలుపులో తోక కొట్టుకోవడం అందుకే. చిన్న గేరులోకి దించి కాలు ఒక్కసారిగా తీసేసినా ఇదే జరుగుతుంది: ఇంజను వెనుక చక్రాలను బిగబట్టి లాగుతుంది. కారులోని ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ వంటి పరికరాలు ఉన్న పట్టును పంచగలవు, లేని పట్టును పుట్టించలేవు. మస్టాంగ్‌లో బరువు సగానికి పైగా ముందు భాగంలో ఉంటుంది. కనుక తోసే చక్రాలపై ఒత్తిడి తక్కువ. ఇంజను వెనుకనే ఉన్న పోర్షే 911 మంచులో మెరుగ్గా సాగడానికి ఈ బరువే కారణం. డిక్కీలో ఇసుక బస్తాలు వేసే పాత అలవాటు బయలుదేరడానికి కొంత సాయపడుతుంది. కాని ఆపవలసిన బరువు పెరుగుతుంది, కట్టకుండా వదిలిన బస్తా ప్రమాద సమయంలో ముందుకు దూసుకొస్తుంది. టైర్లకు అది ప్రత్యామ్నాయం కాదు.

గుర్తులు చదవడం

టైరు పక్క గోడపై ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటే చాలునని చాలామంది భావిస్తారు. అది గాడుల ఆకారాన్ని మాత్రమే సూచిస్తుంది. దానికి పరీక్ష ఏదీ అవసరం లేదు. చూడవలసింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ. ఉత్తర అమెరికా పరిశ్రమ దీనిని 1999లో ప్రవేశపెట్టింది. గట్టిపడిన మంచుపై టైరు పరీక్ష నెగ్గితేనే ఈ గుర్తు వేస్తారు. అయితే ఆ పరీక్ష కారును ముందుకు లాగే పట్టును కొలిచేదే గాని, అద్దంలా గడ్డకట్టిన నీటిపై బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో చెప్పేది కాదు. కొన్ని ‘అన్ని కాలాల’ టైర్లకూ ఈ గుర్తు ఉంటుంది. గుర్తు కనీస అర్హతే.

శీతాకాలపు టైర్లలోనూ రెండు తెగలు ఉన్నాయి. మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్90, నోకియన్ హక్కపెలీట్టా ఆర్5 మొదటి తెగవి. ఇవి చాలా మెత్తనివి, గడ్డకట్టిన రోడ్డుపై సమర్థమైనవి. పొడి రోడ్డుపై మాత్రం స్టీరింగుకు కొంత మందకొడిగా స్పందిస్తాయి. మిషెలిన్ పైలట్ ఆల్పిన్ 5, పిరెల్లీ వింటర్ సొట్టోజీరో 3 రెండో తెగవి. చలి ఉన్నా రోడ్లు తరచు శుభ్రంగా ఉండే చోట, వేగంగా నడిపే కార్లకు ఇవి తగినవి. స్పోర్ట్స్ కారు కనుక రెండో రకమే కొనాలని దుకాణదారు చెప్పవచ్చు. మిన్నెసోటాలో ఉంటున్న పిల్లవాడికి మాత్రం మొదటి రకమే శ్రేయస్కరం. జనవరిలో అక్కడ కారు వేగం కాదు ముఖ్యం, కూడలిలో ఆగడం ముఖ్యం.

చిన్న రిమ్ము, సన్నని టైరు

వెడల్పాటి టైరు మంచుపై తేలుతుంది, సన్ననిది మంచును కోసుకుని కింది రోడ్డును అందుకుంటుంది. కనుక శీతాకాలానికి చిన్న రిమ్ము, సన్నని టైరు వేయడం మంచిది. షరతులు రెండు: టైరు మొత్తం వ్యాసం దాదాపు మారకూడదు, రిమ్ము బ్రేకుకు తగలకూడదు. ఉదాహరణకు 2022 నుంచి అమ్ముతున్న జీఆర్86 పై శ్రేణి కారుకు 215/40ఆర్18 టైర్లు వస్తాయి. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము. దాని వ్యాసం సుమారు 629 మిల్లీమీటర్లు. 215/45ఆర్17 అయితే 625, 205/55ఆర్16 అయితే 632. తేడా చాలా స్వల్పం. ఎత్తైన పక్క గోడ గుంతల్లో రిమ్మును కాపాడుతుంది, చిన్న టైరు ధరా తక్కువే. 16 అంగుళాల రిమ్ము ఆ కారు బ్రేకుపై కూర్చుంటుందో లేదో కొనే ముందే బిగించి చూడాలి.

మస్టాంగ్‌తో చిక్కు ఎక్కువ. 2015 నుంచి వచ్చిన జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ కార్లకు ముందు 255/40ఆర్19, వెనుక 275/40ఆర్19 ఉండేవి. వాటి ముందు బ్రేకు పళ్ళెమే 15 అంగుళాలు కనుక 17 అంగుళాల రిమ్ము పట్టదు. అలాంటి కారుకు నాలుగు వైపులా 255/40ఆర్19 వేసుకోవచ్చు. నాలుగూ ఒకే కొలత అయితే ముందువి వెనుకకు మార్చి అరుగుదల సమానం చేయవచ్చు. కారు కొనేముందే ఈ టైరు కొలత చూసుకుంటే శీతాకాలపు ఖర్చు ముందుగానే తెలిసిపోతుంది. పాత కారు బేరంలో ఎవరూ చెప్పని ఖర్చు ఇదే.

చట్టం, బీమా

కెనడాలోని క్విబెక్‌లో 2008 నుంచి శీతాకాలపు టైర్లు తప్పనిసరి. ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ నిబంధన వర్తిస్తుంది. ఒంటారియోలో నిర్బంధం లేదు. కాని శీతాకాలపు టైర్లు వేసుకున్న వారికి బీమా కంపెనీలు రాయితీ ఇవ్వాలని 2016 జనవరి 1 నుంచి నియమం ఉంది. అడగనివారు దాన్ని పోగొట్టుకుంటారు. జర్మనీలో మంచు, గడ్డకట్టిన నీరు ఉన్న రోడ్డుపై ఇవి లేకుండా నడపరాదు. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండ, మంచు రేకు గుర్తున్నవే చెల్లుతాయి. అక్టోబరు నుంచి ఈస్టరు వరకు అన్నది అక్కడివారి వాడుక లెక్క.

పాత టైర్లు, బిగింపు

వాడిన టైర్లు చౌకగా దొరుకుతాయి. అయితే పక్క గోడపై ‘డాట్’ అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 3523 అంటే 2023లో 35వ వారం. ఏళ్ళు గడిచినకొద్దీ మెత్తని రబ్బరు గట్టిపడుతుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే మంచులో పనికిరాదు. ఆస్ట్రియాలో చట్టమే ఆ లోతును కోరుతుంది. బిగించేటప్పుడు పక్క గోడపై బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే దిశకే ఉండాలి. సుమారు 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్ళీ బిగించాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే గాలి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది కనుక నెలకోసారి, కారు కదలక ముందు గాలి చూసుకోవాలి. విప్పిన వేసవి టైర్లను ఎండ తగలని చోట భద్రపరిస్తే అవి ఆ నాలుగైదు నెలలు అరగవు. ఏటా ఒక జత ఖర్చు ఇంకో జత మన్నికలో కొంత తిరిగి వస్తుంది. టైర్లు చేరకముందే మంచు పడితే కారును అక్కడే ఉంచి ఆ వారం బస్సులో వెళ్ళాలి.