నిండిందా? నిండుకుందా?

ఇంట్లో బియ్యం అయిపోతే మన అమ్మమ్మలు ‘అయిపోయాయి’ అనేవారు కాదు. ‘నిండుకున్నాయి’ అనేవారు. లేదన్న మాట నోట రాకూడదని, లేమికి కూడా నిండుదనం పేరే పెట్టుకున్నారు. అలాంటి భాష మాట్లాడే మనం ఇవాళ సమస్తానికీ ఒక్క ఇంగ్లీషు ముక్కతో సరిపెట్టుకుంటున్నాం - ‘ఫుల్’!

మా మూసాపేటలో పొద్దున్నే చెవి ఒగ్గి వినండి. బస్సు ఫుల్. 2017లో వచ్చిన మెట్రో కూడా ఫుల్. భరత్‌నగర్ మార్కెట్టు నుంచి వచ్చే సంచీ ఫుల్. పెళ్లి భోజనం చేసొచ్చినాయన పొట్ట ఫుల్. వాన పడితే నాలా ఫుల్.

మాట అరువిచ్చిన ఇంగ్లీషువాళ్లు మాత్రం ఇంత పిసినారితనం చూపలేదండీ. గిన్నె అంచుదాకా వస్తే వాళ్లకి ‘బ్రిమ్మింగ్’. అంచు దాటితే ‘ఓవర్‌ఫ్లో’. పెట్టెలో బట్టలు కుక్కితే ‘క్రామ్’. దిండులో దూది కూరినట్టు పొట్టలో కూరితే ‘స్టఫ్డ్’. బజారులో సరుకు ముంచెత్తి ధర పడిపోతే ‘గ్లట్’ - దాని మూలం మింగడం. తీపి వెగటు పుడితే ‘క్లాయ్’. ఆ మాట పూర్వం గుర్రం గిట్టలో మేకు దిగడాన్ని చెప్పేదట! లడ్డూ మూడోది తినలేక తినేవారికి ఆ పోలిక బాగానే అర్థమవుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ‘శాడ్’. వెయ్యేళ్లనాటి ఇంగ్లీషులో దాని అర్థం కడుపు నిండినవాడని. నిండినవాడు ఇక చాలనుకున్నాడు, విసిగాడు, బరువెక్కాడు. చివరకు దుఃఖం మిగిలింది. మోతాదు మించిన సుఖం ఎక్కడికి చేరుస్తుందో ఆ మాట చరిత్రే చెబుతోంది.

మనకు మాత్రం తక్కువా? నిండు నూరేళ్లు, నిండు చూలాలు - నిండు ఎప్పుడూ శుభమే. గృహప్రవేశంనాడు పాలు పొంగితే సంతోషం. అవే పాలు మర్నాడు పొయ్యిమీద పొర్లితే చాకిరీ! ఆపైన భుక్తాయాసం, వెగటు, మొహం మొత్తడం.

ఈ తేడాలు బాగా తెలిసినవాళ్లు చెరువుకింద సేద్యం చేసినవాళ్లు. చెరువు నిండితే పండగ. ఇంకా నీరొస్తే అలుగు పారుతుంది. తెలంగాణలో మత్తడి దుంకుతోందంటారు. అదీ పండగే. కట్ట తెగితే మాత్రం గండి, అంటే ఊరికి చేటు. నిండుకీ గండికీ మధ్య నీటికి మర్యాదగా బయటికెళ్లే తోవ అలుగు.

ఆ తోవ చాలకపోతే ఏమవుతుందో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు చూసింది. ఎగువనున్న చెరువులు ఎన్నో తెగి, మూసీ ఊరిమీద పడింది. సుమారు 15,000 మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మందిదాకా బతికారు. మర్నాటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరద నగరం చేరకముందే ఆగే చోటు కావాలన్నారాయన. ఆ ఆలోచనలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇక మా సంగతి. కూకట్‌పల్లి, మూసాపేట వైపు చెరువుల మిగులునీరు కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్ చేరాలి. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ నగరంలో ఎన్నో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2024లో హైడ్రా వచ్చాక ‘ఎఫ్.టి.ఎల్.’ - ఫుల్ ట్యాంక్ లెవెల్ - అన్నది ఇంటింటి మాటయింది. చూశారా, చెరువుకీ ఫుల్ అన్న మాటే! చెరువు ఎంతవరకు నిండుతుందో అది చెబుతుంది. నిండాక నీరు ఎటు వెళుతుందో చెప్పేది మాత్రం అలుగు. ఆ మాట మరిచిపోయిన చోట దాని దారిలో గోడ కట్టడం ఎంతసేపు?

అందుకే పిల్లలకి ఫుల్‌తోపాటు నిండు, పొంగు, పొర్లు, అలుగు, గండి కూడా చెప్పండి. ఫ్లాటు కొనబోతే వంటిల్లు, వాస్తు చూసుకోవడంతో సరిపెట్టక, ఆ చుట్టుపక్కల పాతకాపులనెవరినైనా అడగండి - ఇక్కడి చెరువు అలుగు ఎటు పారేదమ్మా అని.