వంశంలో ఉందంటే సరిపోదు

పెళ్లి సంబంధం కుదుర్చుకునే ముందు మనవాళ్లు గుట్టుగా వాకబు చేసే సంగతుల్లో, ఆ ఇంట్లో మతి చలించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది ఒకటి. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చిన జబ్బు రక్తంలోనే ఉండి తీరుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది. చదువూ పరిశోధనా ఉన్నవాళ్లు సైతం ఈ నమ్మకంతో బోల్తాపడిన సందర్భం చరిత్రలో ఒకటుంది. అది పెల్లాగ్రా కథ. మానసిక వ్యాధులకు జన్యువుల్లో కారణాలు వెతుకుతున్న ఈ రోజుల్లో దాన్ని మళ్లీ చదువుకోవలసిన అవసరం ఉంది.

పెల్లాగ్రా వస్తే ఎండ తగిలినచోట చర్మం ఎర్రబారి, నల్లబడి, పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి తప్పుతుంది, చివరికి ప్రాణం పోతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని పత్తి మిల్లుల ఊళ్లలో, అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో అది విజృంభించింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మేలైన వంశాలనే పెంచాలని వాదించే యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసును నెలకొల్పిన చార్లెస్ డావెన్‌పోర్ట్, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ కౌంటీ కుటుంబాల వంశవృక్షాలు ముందు పెట్టుకుని 1916లో ఒక వ్యాసం ప్రచురించాడు. జబ్బుకు లొంగే తత్వం, అది ఒంట్లో ముదిరే తీరు వంశపారంపర్యంగా వస్తాయన్నది ఆయన వాదం. సేకరించిన సమాచారం కల్పితం కాదు. ఆ కుటుంబాల్లో జబ్బు నిజంగానే పలువురికి వచ్చింది. తప్పంతా దానికి చెప్పుకున్న కారణంలో ఉంది.

అమెరికా ప్రజారోగ్య శాఖ 1914లో ఈ పని మీద పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ వంశవృక్షాలకు బదులు కంచాల్లోకి చూశాడు. పిచ్చాసుపత్రుల్లో రోగులకు పెల్లాగ్రా వస్తోంది. రాత్రింబవళ్లు వాళ్లను కనిపెట్టుకుని ఉండే నర్సులకు రావడం లేదు. చాలామంది అనుకున్నట్టు ఇది అంటురోగమైతే ఈ తేడా ఎందుకు? మిసిసిపీ అనాథాశ్రమాల్లో పిల్లల తిండికి పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు చేర్చగానే జబ్బు దాదాపు మాయమైంది. 1915లో అదే రాష్ట్రంలోని రాంకిన్ జైలు వ్యవసాయ క్షేత్రంలో, విడుదల చేస్తామన్న హామీ మీద ఒప్పుకున్న ఖైదీలకు నెలల తరబడి మొక్కజొన్న జావ, తెల్లపిండి రొట్టె, అన్నం, చిలగడదుంప, చక్కెర పాకం పెట్టారు. పదకొండు మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు కనిపించాయి. అంటురోగమని ఇంకా పట్టుబట్టినవాళ్ల కోసం గోల్డ్‌బర్గరూ ఆయన తోటివాళ్లూ రోగుల రక్తాన్ని సూదితో ఎక్కించుకున్నారు, వాళ్ల చర్మపు పొలుసులు మింగారు; ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో కాన్రాడ్ ఎల్వెజెం తేల్చాడు. ఒక వంశంవాళ్లు రక్తంతోపాటు ఒకే పొయ్యి మీద వండిన తిండినీ, ఒకే చాలీచాలని కూలినీ కూడా పంచుకుంటారు. డావెన్‌పోర్ట్ లెక్క వేయనిది ఆ రెండింటినే.

ఈ కథలో మన ప్రాంతానికీ చోటుంది. జొన్నే ప్రధానాహారంగా బతికే దక్కన్ పేదల్లోనూ పెల్లాగ్రా ఉండేది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పేరున్న హైదరాబాద్ పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని పరిశీలించి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. అయినా వాళ్ల అన్వేషణ సాగింది తిండిలోనే.

ఒక్క పెల్లాగ్రాను చూపించి మానసిక వ్యాధుల్లో జన్యువుల పాత్రనే కొట్టిపారేస్తారా అని ఎవరైనా అడగవచ్చు. కొట్టిపారేయకూడదు. రక్తాన్నీ పెంపకాన్నీ విడదీసి చూసిన పరిశోధనలు తర్వాత వచ్చాయి. డెన్మార్క్ దత్తత రికార్డుల ఆధారంగా సీమోర్ కెటీ, డేవిడ్ రోసెంథాల్, పాల్ వెండర్ 1968 నుంచి ప్రచురించిన ఫలితాల్లో, స్కిజోఫ్రీనియా తరహా జబ్బులు రోగుల పెంపుడు కుటుంబాల్లో కంటే కన్నవారి వైపు బంధువుల్లోనే ఎక్కువగా కనిపించాయి. 2022లో వెలువడిన ఒక భారీ అధ్యయనం 76,755 మంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యువులను ఇతరులతో పోల్చి, ఆ వ్యాధితో సంబంధమున్న 287 జన్యు స్థానాలను గుర్తించింది. పెల్లాగ్రాలోనూ జన్యువుకు ఒక మూల చోటు దొరికింది: ఒంట్లో కొంత నికోటినిక్ ఆమ్లంగా మారే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒంటికి పట్టనివ్వని హార్ట్‌నప్ వ్యాధి పుట్టుకతో వస్తుంది, పెల్లాగ్రా లాంటి లక్షణాలు చూపిస్తుంది. కానీ దానికి వాడే మందు కూడా నికోటినిక్ ఆమ్లానికి మరో రూపమైన నికోటినమైడే. అంటే కారణం జన్యువులో ఉన్నంత మాత్రాన జబ్బు తలరాత అయిపోదు.

287 స్థానాలు దొరికాక రక్తపరీక్షతో రోగం తేల్చవచ్చు కదా అన్నది రెండో ప్రశ్న. ఆ స్థానాల్లో ఒక్కొక్కటి కలిగించే తేడా బహు స్వల్పం. అన్నింటినీ కూడి లెక్కగట్టిన స్కోరు జనాభాలోని ముప్పు తేడాల్లో కొద్ది శాతాన్నే వివరిస్తుంది. పైగా ఆ లెక్కలకు ఆధారమైన రోగుల్లో ఎక్కువమంది ఐరోపా సంతతివాళ్లు కాబట్టి మనలాంటివాళ్ల విషయంలో దాని గురి ఇంకా తప్పుతుంది. ఒకేలాంటి జన్యువులతో పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వచ్చినా, రెండోవారికి రాని సందర్భాలు ఎన్నో.

కాబట్టి జన్యు పరిశోధన సాగాలి. మెదడులో ఏ ప్రక్రియ గాడి తప్పుతోందో తెలియడానికీ, కొత్త మందులకు దారి దొరకడానికీ అది కావాలి. దాన్ని మనుషుల మీద తీర్పుగా వాడటాన్నే ఒప్పుకోకూడదు. డీఎన్ఏ పరీక్షతో మీ పిల్లల మనసు భవిష్యత్తు చెబుతామనే ప్రకటనలకు డబ్బు తగలేయకండి. వంశం పేరు చెప్పి సంబంధాలు తెంచకండి. స్కిజోఫ్రీనియా ఉందో లేదో తేల్చే జన్యు పరీక్ష ఇప్పటికీ లేదు. రోగితో కూర్చుని మాట్లాడి, గమనించి, వైద్యుడే ఆ సంగతి నిర్ధారించాలి.