ఉద్యోగం పోయిందా? తొలి రెండు నెలల్లో చేయాల్సిన పనులు, అడగాల్సిన డబ్బులు ఇవీ

ఉదయం లాగిన్ అయ్యేసరికి హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ పిలుపు. పావుగంట మాట్లాడి, ‘సాయంత్రంలోగా ల్యాప్‌టాప్ ఇచ్చేయండి’ అన్నారు. ఇంటికి వచ్చాక ఈఎంఐ ఎలా, పిల్లల ఫీజు ఎలా అన్న ఆలోచనలే. ఇలాంటప్పుడు చాలామంది తొందరపడి రెండు తప్పులు చేస్తారు. ఇచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేస్తారు. పీఎఫ్ మొత్తం తీసేస్తారు. ఈ రెండింటి వల్ల పోయే డబ్బు తక్కువేమీ కాదు.

మీకు హక్కుగా రావాల్సినవి ఏమిటి, ఎక్కడ అడగాలి, ఏది ముందు చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సంతకం పెట్టే ముందు

‘మీరే రాజీనామా చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అని కొన్ని కంపెనీలు ఒత్తిడి చేస్తుంటాయి. కానీ తీసేయడం వేరు, రాజీనామా వేరు. రాజీనామా చేసినవారికి తొలగింపు పరిహారం వర్తించదు. అందుకే ఆలోచించుకోవడానికి ఒకట్రెండు రోజులు గడువు అడగండి. ఆ అడిగేది కూడా మెయిల్‌లోనే అడగండి.

ఆఫీసు మెయిల్ ఆగిపోకముందే ఇవి మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి:

- అపాయింట్‌మెంట్ లెటర్, చివరి ఇంక్రిమెంట్ లెటర్
- కనీసం ఏడాది పే స్లిప్పులు, ఫారం 16
- 12 అంకెల యూఏఎన్ నంబరు
- గ్రూప్ హెల్త్ పాలసీ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు
- మిగిలిన సెలవుల లెక్క

కంపెనీకి చెందిన ఫైళ్లు, కోడ్, కస్టమర్ల వివరాలు మాత్రం కాపీ చేసుకోవద్దు. దాంతో కొత్త చిక్కులు వస్తాయి.

కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు

నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగిని తీసేసినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా బకాయి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్‌కు 45 రోజులు పడుతుంది’ అని హెచ్‌ఆర్ చెబితే ఈ నిబంధనను గుర్తు చేయండి.

గ్రాట్యుటీ: అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉంటే వస్తుంది. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టుపై పనిచేసినవారికి కొత్త కోడ్ ప్రకారం ఏడాది సర్వీసు చాలు. లెక్క సులభం. చివరి నెల వేతనాన్ని (బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఉదాహరణకు వేతనం రూ.40,000, సర్వీసు 6 ఏళ్లు అయితే సుమారు రూ.1,38,461 వస్తుంది. 30 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. అలవెన్సులు మొత్తం జీతంలో 50 శాతం దాటితే, దాటిన భాగాన్ని కొత్త కోడ్‌లో వేతనంగానే లెక్కిస్తారు. బేసిక్ తక్కువగా చూపించిన చోట ఇది మీకు మేలు చేస్తుంది.

తొలగింపు పరిహారం: చట్టం దృష్టిలో ‘వర్కర్’ అయి, ఏడాది నిరంతర సర్వీసు పూర్తిచేసినవారిని తీసేయాలంటే నెల నోటీసు గానీ, బదులుగా నెల వేతనం గానీ ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. దీనికి అదనంగా రీస్కిల్లింగ్ ఫండ్ నుంచి 15 రోజుల వేతనం 45 రోజుల్లోగా మీ ఖాతాలో పడాలి. ఈ ఫండ్‌కు డబ్బు జమ చేయాల్సింది యజమానే.

మేనేజర్ స్థాయి, పరిపాలన బాధ్యతల్లో ఉన్నవారు ‘వర్కర్’ కిందికి రారు. అయితే విజిటింగ్ కార్డు మీద ‘మేనేజర్’ అని ఉన్నంత మాత్రాన మీకు వర్తించదనుకోవద్దు. చూడాల్సింది హోదా పేరు కాదు, మీరు నిజంగా చేసిన పని.

పీఎఫ్: తీయాలా, ఉంచాలా?

ముందు యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ నమోదైందా చూడండి. కంపెనీ నమోదు చేయకపోతే ఉద్యోగం మానేసిన రెండు నెలల తర్వాత ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా మీరే నమోదు చేసుకోవచ్చు.

ఎంత తీసుకోవచ్చన్న దానిపై ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరు 13న కొత్త నిర్ణయం తీసుకుంది. దాని ప్రకారం ఉద్యోగం పోగానే 75 శాతం వరకు తీసుకోవచ్చు. మిగతా మొత్తానికి 12 నెలలు నిరుద్యోగిగా ఉండాలి. అంతకుముందు ఈ గడువు రెండు నెలలే. పెన్షన్ ఖాతాలోని సొమ్ము తీసుకునే గడువును కూడా రెండు నెలల నుంచి 36 నెలలకు పెంచాలని నిర్ణయించింది. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఉన్న నిబంధనను ఒకసారి చదివి ముందుకెళ్లండి.

తీసే ముందు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి పన్ను. అయిదేళ్ల సర్వీసు పూర్తికాకుండా రూ.50,000 లేదా అంతకంటే ఎక్కువ తీస్తే 10 శాతం టీడీఎస్ కోస్తారు. రూ.2 లక్షలు తీస్తే రూ.20,000 అక్కడే తగ్గుతుంది. పాన్ అనుసంధానం కాకపోతే కోత 20 శాతం. పాత కంపెనీల ఖాతాలను ఇప్పటి ఖాతాకు బదిలీ చేసుకుంటే ఆ సర్వీసు కూడా అయిదేళ్ల లెక్కలోకి వస్తుంది.

రెండోది పెన్షన్. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలనెలా పెన్షన్‌కు అర్హత. పదేళ్లు నిండకముందే పెన్షన్ సొమ్ము తీసేస్తే ఆ సర్వీసు పోయినట్టే. దాని బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త ఉద్యోగంలో పాత సర్వీసు కలుస్తుంది. నెల గడవడానికి అవసరమైనంతే తీసుకోండి. ఖాతాలో ఉంచిన డబ్బుకు వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024-25కు ఆ రేటు 8.25 శాతం.

ఈఎస్‌ఐ ఉన్నవారికి నిరుద్యోగ భృతి

నెల వేతనం రూ.21,000 లోపు ఉన్నవారికి, అంటే మాల్స్, ఆసుపత్రులు, సెక్యూరిటీ ఏజెన్సీలు, చిన్న పరిశ్రమల్లో పనిచేసే చాలామందికి ఈఎస్‌ఐ ఉంటుంది. దాని కింద ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఉద్యోగం పోతే సగటు రోజు వేతనంలో 50 శాతం చొప్పున గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే దీన్ని వాడుకోవచ్చు.

దీనికి కనీసం రెండేళ్లు బీమా పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి. చందా రోజుల షరతులు కూడా ఉన్నాయి. దుష్ప్రవర్తన కారణంగా తీసేసినవారికి వర్తించదు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేయొచ్చు. ఈ పథకాన్ని విడతలవారీగా పొడిగిస్తున్నారు కాబట్టి దగ్గరలోని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

హెల్త్ ఇన్సూరెన్స్ మధ్యలో ఆగకుండా

కంపెనీ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవారు ఉంటే ఈ పని మొదటి వారంలోనే చేయాలి. అదే బీమా సంస్థలో గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ లెక్కలోకి వస్తుంది. కొత్తగా మొదలుపెడితే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు.

అమ్మానాన్నలు మీ కంపెనీ పాలసీలోనే ఉన్నారా? వారికి 70 ఏళ్లు నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఉచితం. అర్హమైన రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద రూ.10 లక్షల వరకు చికిత్స అందుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది.

కంపెనీ డబ్బు ఇవ్వకపోతే

మొదట బకాయిల లెక్క రాసి, గడువు పెట్టి మెయిల్ పంపండి. స్పందన లేకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. తొలగింపుపై వివాదమైతే రెండేళ్లలోపే వెళ్లాలి. పీఎఫ్ ఫిర్యాదులకు ఈపీఎఫ్‌ఓ గ్రీవెన్స్ పోర్టల్ ఉంది.

లాయర్ ఫీజు గురించి భయపడక్కర్లేదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా న్యాయ సహాయం అందిస్తాయి. 15100కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

మళ్లీ ఉద్యోగం, కొత్త చదువు

కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం. తెలంగాణలో డీట్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉద్యోగాల సమాచారం ఇస్తాయి. రంగం మారాలనుకుంటే స్వయం పోర్టల్‌లో ఐఐటీలు, కేంద్ర వర్సిటీల కోర్సులు ఉచితంగా చదవొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. డిగ్రీ మధ్యలో ఆపేసినవారికి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే మహిళలకు హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది.

అమెరికాలో హెచ్1బీపై ఉండి ఉద్యోగం పోయినవారికి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే. ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే. కొత్త పిటిషన్, స్టేటస్ మార్పు, తిరుగు ప్రయాణం వీటిలో ఏదో ఒకటి ఆలోపే తేల్చుకోవాలి.

జాగ్రత్త: ఈ సమయంలోనే మోసగాళ్లు వస్తారు

‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఆఫర్ లెటర్ పంపిస్తాం’, ‘బ్యాక్‌డోర్ ఉద్యోగం’, ‘వీడియోలకు లైక్ కొడితే రోజుకు ఇంత’... ఇలాంటి వాటికి ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఈఎంఐ కట్టలేమనుకుంటే వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. ఒకటి రెండు వాయిదాలు తప్పాక అడిగితే అప్పటికే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది.

ఇంట్లో చెప్పకుండా రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లేవారూ ఉన్నారు. దాచిన కొద్దీ భారం పెరుగుతుంది. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తిగా అనిపించినా 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి. రాత్రయినా, పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. ఖర్చేమీ ఉండదు.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

- పీఎఫ్: 14470
- ఈఎస్‌ఐ: 1800-11-2526
- నేషనల్ కెరీర్ సర్వీస్: 1514
- ఉచిత న్యాయ సహాయం: 15100
- ఆయుష్మాన్ భారత్: 14555
- సైబర్ మోసాలు: 1930
- టెలీమానస్: 14416

ఈ వారంలో మూడు పనులు చేయండి చాలు. కాగితాలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. హెల్త్ పాలసీ మార్పిడికి దరఖాస్తు ఇవ్వండి. రావాల్సిన డబ్బు లెక్క రాసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. మిగతావన్నీ వచ్చే వారం చూసుకోవచ్చు.