తేదీ ఉన్న కాగితం: తాతల హాజరు నుంచి అమ్మల ఉపాధి పని దాకా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన ఇళ్లల్లో ఆఫీసు కాగితమంటే భయం. ఆ భయం ఊరికే రాలేదు. 1871 నాటి నేరస్త జాతుల చట్టం, 1911లో మళ్లీ రాసినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. ఆ చట్టంలో జిల్లా మెజిస్ట్రేటు నోటీసు వేయిస్తే, జాతిలో అందరూ వచ్చి పేరు రాయించుకోవాలి. రాకపోతే నేరం. రాలేకపోయిన కారణం రుజువు చేసుకోవాల్సింది కూడా ఆ రానివాడే. చదువు రాని మనిషికి నోటీసు చేరిందా లేదా అని అడిగినవాళ్లు లేరు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, భయం మాత్రం ఉండిపోయింది.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాలకు రెండో విడతగా 2007లో అందింది. ఇక్కడ లెక్క తిరగబడింది. పని కావాలని అర్జీ పెడితే తేదీ వేసిన రసీదు వాళ్లే ఇవ్వాలి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి: మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, తర్వాత కనీసం సగం. కూలి 300 అనుకుంటే రోజుకు 75, ఆ తర్వాత 150.

మరి మనవాళ్లకు భృతి ఎందుకు రాదు? సెలవులకు ఇళ్లకెళ్లినప్పుడు మేం అడిగి చూశాం. "పని కావాలని నోటితో చెప్పాం బాబూ, కాయితం ఎవరూ ఇవ్వలా" అన్నారు. రసీదు లేకపోతే ఆ 15 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? తేదీ లేని అర్జీ, పెట్టని అర్జీ కిందే లెక్క.

ఇంకో చిక్కు ఉంది. పనికి రమ్మని కబురు అందాక 15 రోజుల్లో వెళ్లకపోతే, 2005 చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం మూడు నెలలు భృతి అడగకూడదు. మిరపకోతలకని పిల్లాజెల్లాతో వేరే మండలం పోయి, గుడిసెకు తాళం వేసి ఉన్నప్పుడు ఆ కబురు ఎవరికి అందింది? అందినట్టు సంతకమో, వేలిముద్రో ఉందా? తాతలను అడగనిచ్చిన ప్రశ్న కాదిది. మనం అడగొచ్చు. జాబ్ కార్డులో ఉన్న అడ్రసుకు ఉత్తరం రాయాలని, పంచాయతీ ఆఫీసులో నోటీసు పెట్టాలని 2005 చట్టంతో పాటున్న షెడ్యూలులోనే ఉంది.

భృతి రాకపోతే మండలంలో ప్రోగ్రాం ఆఫీసరుకు, అంటే ఎంపీడీఓకు, ఫిర్యాదు ఇవ్వాలి. ఆయన దాన్ని రిజిస్టరులో ఎక్కించి 7 రోజుల్లో తేల్చాలి. ఆ 7 రోజులు లెక్కపెట్టడానికి కూడా మళ్లీ తేదీ ఉన్న రసీదే కావాలి.

అందుకే ఈ సెలవుల్లో మనం చేయాల్సింది చిన్న పనే. అమ్మా నాన్నల అర్జీ మనమే రాద్దాం, రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం వేయించుకుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుందాం. కోతలకు వెళ్లే ముందు, ఎప్పుడు తిరిగొస్తారో కూడా అర్జీలో రాద్దాం. చట్టం పేరు మారినా ఈ అలవాటు మానొద్దు.

ఒకప్పుడు తేదీ వేసిన కాగితం మన తాతలను పట్టుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు అదే మన చేతిలో ఉండాలి. మన ఇళ్లల్లో మొదట కాలేజీ గడప తొక్కింది మనమే కదా, ఈ పని ఇంకెవరు చేస్తారు?