బ్రిస్బేన్‌లో ఒక సోమవారం రాత్రి

"మీ దగ్గర లంచాలుండవు కదరా" అంటాడు మా బాబాయి, ఫోన్ చేసినప్పుడల్లా. పొలం కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగొచ్చిన రోజైతే ఆ మాట ఇంకా గట్టిగా వస్తుంది. నేను బ్రిస్బేన్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. డ్రైవింగ్ లైసెన్సుకు గానీ, ఇంటి ప్లానుకు గానీ ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టలేదు. బాబాయి అన్నది నిజమే. కానీ అది ఈ నేల గుణమనీ, ఈ మనుషులు పుట్టుకతోనే అంతేననీ ఆయన అనుకుంటున్నాడే, అది మాత్రం నిజం కాదు. క్వీన్స్‌లాండ్ అనే ఈ రాష్ట్రంలో ఆ మార్పు ఏ రోజు మొదలైందో కూడా చెప్పవచ్చు: 1987 మే 11, సోమవారం.

ఆ రాత్రి ఇక్కడి ఏబీసీ టీవీలో ‘ఫోర్ కార్నర్స్’ వచ్చింది. ఏబీసీ అంటే మన దూరదర్శన్‌లా ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. ‘ఫోర్ కార్నర్స్’ వారానికొక విషయాన్ని తీసుకుని లోతుగా తవ్వే కార్యక్రమం. 1961 ఆగస్టులో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మొదటి ఏడాదే న్యూసౌత్‌వేల్స్‌లో బాక్స్ రిడ్జ్ అనే ఆదివాసీల కాలనీకి కెమెరా పట్టుకెళ్ళి, అక్కడి మనుషులు ఏ గుడిసెల్లో బతుకుతున్నారో చూపించింది. ఆదివాసీలను దేశ జనాభా లెక్కల్లో కలపడానికి ఆస్ట్రేలియన్లు ఓటేసింది 1967లో. అంటే లెక్కలోకి రాకముందే ఆ మనుషులు తెర మీదికి వచ్చారు.

1987 నాటి కథ అర్థం కావాలంటే అప్పటి క్వీన్స్‌లాండ్ తెలియాలి. ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, జో బ్యెల్కె-పీటర్సన్. వేరుశనగ పండించిన రైతు. 1968లో కుర్చీ ఎక్కి పంతొమ్మిదేళ్ళు దిగలేదు. నియోజకవర్గాల హద్దులు పల్లెల ఓటుకు ఎక్కువ బరువు వచ్చేలా గీసి ఉండేవి. 1972 ఎన్నికల్లో ఆయన పార్టీకి పడిన ఓట్లు నూటికి ఇరవై. మిత్రపక్షంతో కలిసి మళ్ళీ ఆయనే ముఖ్యమంత్రి. అడ్డుకోవడానికి ఎగువసభ కూడా లేదు. మన దగ్గర ఎన్టీఆర్ 1985లో శాసనమండలిని రద్దు చేశారు కదా, ఇక్కడ ఆ పని 1922లోనే జరిగింది. మనకది 2007లో తిరిగొచ్చింది. వీళ్ళకు ఇప్పటికీ లేదు.

విలేకరుల సమావేశాన్ని జో ‘కోళ్ళకు గింజలు వేయడం’ అనేవాడు. 1977లో వీధి ఊరేగింపుల కాలం చెల్లిందని ప్రకటించాడు. ఆ అక్టోబరు 22న ఒక్క రోజే నాలుగు వందల మందికి పైగా అరెస్టయ్యారు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఆ ఏడాది ఊరేగింపుల్లో నడిచినవాడే. వ్యానులోకి తోసినప్పుడు విరిగిన కళ్ళజోడు ఫ్రేమును ఇప్పటికీ దాచుకున్నాడు. ఒకసారి నా చేతిలో పెట్టి చూపించాడు. దాన్ని పట్టుకున్నాక ఈ ఊరి చరిత్ర నాకు పరాయిదిగా అనిపించలేదు.

పోలీసు శాఖలో రే విట్రాడ్ అనే నిజాయితీపరుడైన కమిషనర్ ఉండేవాడు. తనకు నమ్మకం లేని టెరీ లూయిస్‌ను, తన మాట కాదని, ప్రభుత్వం ఎక్కడో మారుమూల చార్లెవిల్ నుంచి తెచ్చి అసిస్టెంట్ కమిషనర్‌ను చేస్తే, 1976లో విట్రాడ్ రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చింది లూయిసే. తర్వాత ఆయనకు ‘సర్’ బిరుదు కూడా దక్కింది.

ఫోర్టిట్యూడ్ వ్యాలీ మా ఊళ్ళో రాత్రిళ్ళు మేలుకుని ఉండే పేట. ఇప్పుడు భోజనానికి వెళ్తాం. అప్పుడక్కడ దొంగ జూదశాలలు, వ్యభిచార గృహాలు లైట్లు వేసుకుని మరీ నడిచేవి. ప్రభుత్వం మాత్రం అలాంటివేవీ లేవనేది. మామూళ్ళు వసూలు చేసి పైదాకా పంచే ఏర్పాటుకు పోలీసులు పెట్టుకున్న ముద్దుపేరు ‘జోక్’. డబ్బు సంచి మోసిన మనిషి జాక్ హెర్బర్ట్ అనే మాజీ పోలీసు. ఫిల్ డికీ అనే విలేకరి ఇక్కడి కొరియర్-మెయిల్ పత్రికలో ఆ ఇళ్ళెవరివో రాస్తూ వచ్చాడు. ‘ఫోర్ కార్నర్స్’ విలేకరి క్రిస్ మాస్టర్స్ రాత్రిళ్ళు వీధుల్లో తిరిగి ఆ తలుపుల్ని చిత్రీకరించి, పోలీసుల అండ లేకుండా ఇవి నడవవని చూపించాడు. ఆ కార్యక్రమం పేరు ‘ది మూన్‌లైట్ స్టేట్’.

టీవీలో వచ్చింది కాబట్టి అంతా మారిపోయిందనుకుంటే మళ్ళీ పొరపాటే. 1963లోనూ ఇలాంటి ఆరోపణల మీద రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం ఒకటి కూర్చుని, పోలీసుల తప్పేమీ లేదని లేచిపోయింది. ఈసారి తేడా మర్నాడు వచ్చింది. జో ఊళ్ళో లేడు. తాత్కాలిక ముఖ్యమంత్రి, పోలీసు మంత్రి కూడా అయిన బిల్ గన్, తనకు ముందున్న పోలీసు మంత్రుల నెత్తిన వేలాడిన ఆరోపణలను తన నెత్తిన వేలాడనివ్వనంటూ విచారణకు ఆదేశించాడు. ఆయన జో పార్టీవాడే. ఈ కథలో కెమెరా ఎంత ముఖ్యమో ఆ ఒక్క నిర్ణయమూ అంతే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

టోనీ ఫిట్జ్‌జెరాల్డ్ అనే లాయరును నియమించారు. కొన్ని వారాల్లో తేలిపోతుందనుకున్నది రెండేళ్ళకు పైగా సాగింది. ఆయన రెండు మంచి పనులు చేశాడు. విచారణ జనం ముందు బహిరంగంగా జరిపాడు. నిజం చెప్పిన చిన్నవాళ్ళకు శిక్ష నుంచి రక్షణ ఇప్పించి పెద్దవాళ్ళను పట్టుకున్నాడు. 1987 ఆగస్టులో హారీ బర్జెస్ అనే పోలీసు అధికారి నోరు విప్పి, డబ్బు తీసుకున్నానన్నాడు. తర్వాత గ్రేమ్ పార్కర్ అనే అసిస్టెంట్ కమిషనరే ఒప్పుకున్నాడు. లండన్‌లో దొరికిన హెర్బర్ట్ తిరిగొచ్చి, లూయిస్‌కు డబ్బిచ్చానని సాక్ష్యం చెప్పాడు. మొత్తం 339 మంది సాక్షులు. 1989 జులై 3న నివేదిక వచ్చింది.

లూయిస్‌కు 1991లో పద్నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. ‘సర్’ బిరుదూ పోయింది. మాజీ మంత్రులు కొందరు జైలుకెళ్ళారు. జో 1987 డిసెంబరులోనే దిగిపోయాడు. అబద్ధపు సాక్ష్యం కేసులో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక శిక్ష తప్పించుకున్నాడు. 1989 డిసెంబరు ఎన్నికల్లో ఆయన పార్టీ 32 ఏళ్ళ పాలన కూలింది. అవినీతిని విచారించే శాశ్వత సంస్థ ఏర్పడింది. నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశారు. మాస్టర్స్‌కేమో పరువునష్టం దావాలు మిగిలాయి. పదేళ్ళు దాటినా కోర్టులు వదల్లేదు. వెనక ఏబీసీ నిలబడకపోయుంటే ఒక విలేకరి అన్నేళ్ళు తట్టుకోగలిగేవాడా?

బాబాయ్, ఇక్కడ లంచం లేకపోవడం వెనక ఇంతమంది ఉన్నారు. వాళ్ళలో దేవుళ్ళెవరూ లేరు. తాము కట్టిందాన్ని కూడా వీళ్ళు గుడ్డిగా నమ్మరు. ఆ నివేదిక పుణ్యమా అని పుట్టిన అవినీతి నిరోధక సంస్థ మీదే ఆరోపణలొస్తే, 2022లో ప్రభుత్వం దాని మీదా విచారణ వేసింది. నడిపించడానికి పిలిచింది మళ్ళీ టోనీ ఫిట్జ్‌జెరాల్డ్‌నే. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు.