గ్రంథసూచిలో తెలుగు పేరు

పుస్తకం బీరువాలో ఉన్నంత మాత్రాన పాఠకునికి దక్కదు. ఏ పేరు క్రింద అది సూచిలో నమోదైనదో ఆ పేరు క్రిందనే అతడు వెదకవలసి ఉంటుంది. బహుభాషా దేశమైన భారతదేశంలో ఈ సమస్య జాతీయ స్థాయిలో ఎదురైనది కలకత్తా నగరంలో.

1903లో మెట్‌కాఫ్ హాలులో ప్రారంభమైన ఇంపీరియల్ లైబ్రరీ 1948లో జాతీయ గ్రంథాలయంగా మారి, 1953 ఫిబ్రవరి 1న బెల్వెడేర్ భవనంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్తలు పుస్తకం వెలువడిన 30 రోజులలోగా ఒక ప్రతిని స్వంత ఖర్చుతో ఈ గ్రంథాలయానికి పంపవలసి ఉన్నది. ఆ విధంగా చేరిన గ్రంథాల ఆధారంగా సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ 1957 చివరి త్రైమాసికం నుండి భారత జాతీయ గ్రంథసూచిని వెలువరించింది. దీనికి సారథ్యం వహించినవారు బి.యస్. కేశవన్. వివిధ భాషల గ్రంథాలను ఒకే వరుసలో చూపేందుకు రోమన్ లిపిని స్వీకరించి, డ్యూయీ దశాంశ వర్గీకరణతో పాటు రంగనాథన్ కోలన్ వర్గ సంఖ్యను కూడా ఇవ్వడం దాని విశిష్టత.

లిప్యంతరీకరణ సులభమైన పని కాదు. సంస్కృతంలో ఏకార ఓకారాలు దీర్ఘాలే. తెలుగులో వాటికి హ్రస్వాలు కూడా ఉన్నాయి. ఈ భేదం పాటించకపోతే 'నెల', 'నేల' ఒకటైపోతాయి.

అంతకంటె జటిలమైనది గ్రంథకర్త పేరు. 1961లో పారిస్‌లో 53 దేశాల ప్రతినిధులు సమావేశమై సూచీకరణ సూత్రాలను ఆమోదించారు. పేరులో పలు పదాలున్నప్పుడు రచయిత స్వదేశంలో అంగీకృతమైన వాడుకను బట్టి నమోదు పదాన్ని నిర్ణయించాలని, అది సాధ్యం కానప్పుడు అతడు సాధారణంగా వాడే భాషలోని వాడుకను అనుసరించాలని అందులో ఉన్నది. భారతదేశానికి ఒకే వాడుక లేదు గనుక రెండవ మార్గమే ఇక్కడ శరణ్యం. వంగదేశంలో వంశనామం చివర వస్తుంది. తమిళులలో అనేకులకు వంశనామమే ఉండదు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ పేరులో రెండు భాగాలూ దేవతానామాలే. తెలుగు సంప్రదాయం ఎరుగనివారు 'సత్యనారాయణ'ను ఇంటిపేరుగా భావించే అవకాశమున్నది. ఆయన గ్రంథాలు కొన్ని వకారం క్రింద, కొన్ని సకారం క్రింద చేరితే పాఠకునికి సగమే కనిపిస్తాయి. శ్రీరంగం శ్రీనివాసరావుగా వెదకినవారికి 'శ్రీశ్రీ' దొరకాలంటే రెండు పేర్లనూ కలిపే సూచన అవసరం.

1969లో కోపెన్‌హేగన్‌లో జరిగిన నిపుణుల సమావేశం నుండి ఐఎస్‌బిడి అనే అంతర్జాతీయ వర్ణన ప్రమాణం రూపొందింది. శీర్షిక, కర్తృత్వం, ముద్రణ, ప్రచురణ మొదలైన అంశాలకు అది నియత క్రమాన్ని, విరామ చిహ్నాలను ఏర్పరచింది. భాష తెలియనివారు సైతం నమోదులో ఏది శీర్షికో, ఏది కర్త పేరో గుర్తించగలగడం దాని ప్రయోజనం. అయితే ఏ పేరును శీర్షస్థానంలో నిలపాలో ఆ ప్రమాణం చెప్పదు.

కంప్యూటర్ల రాకతో ఒకే వ్యక్తి నామరూపాలన్నింటినీ అనుసంధించడం సుకరమైనది. అయినా ఇంటిపేరు ఏదో యంత్రానికి ముందుగా చెప్పవలసినవారు భాష తెలిసినవారే. తెలుగు ప్రచురణకర్తలు పొడి అక్షరాలతో సరిపుచ్చక, గ్రంథకర్త ఇంటిపేరును పూర్తిగా ముద్రిస్తే సూచీకర్తకు సందేహం తీరుతుంది. పుస్తకం దానిని వెదకుతున్న పాఠకునికి చేరుతుంది.