చేర్యాల బొమ్మలలో కాటమరాజు



చేర్యాల యనగానే ఎర్రని నేలపై వ్రాసిన పొడవైన పటము అందరకును స్ఫురించును. ఆ యూరు 2016వ సంవత్సరమున జిల్లాల విభజనలో మన సిద్దిపేట జిల్లాలో చేరినది. పటమును గూర్చి పలువురు పలికియున్నారు. నేడు నేను చెప్పబూనినది ఆ నకాషీల చేతనే రూపొందు బొమ్మలను గూర్చి, వానిలోను ఒక చారిత్రక పురుషుని బొమ్మను గూర్చి.

నకాషీ యను మాటకు మూలము అరబ్బీ పదము. పారసీకము మీదుగా మనకు వచ్చినది. చిత్రకారుడని యర్థము. పేరు పరభాషదైనను పని అచ్చముగా తెలుగు పల్లెలది. తెలంగాణమున ఒక్కొక్క కులమునకు దాని పురాణము చెప్పు ఆశ్రితులు వేరుగా కలరు. పద్మశాలీలకు కూనపులివారు పటము పట్టి మార్కండేయ పురాణమును వినిపింతురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు బొమ్మల పెట్టెతో వత్తురు. కథలో పాత్ర ప్రవేశించినపుడు దాని బొమ్మను తీసి సభకు చూపుదురు.

ఆ కాటమరాజు కల్పితపురుషుడు కాడు. 13వ శతాబ్దమున నెల్లూరిసీమను మనుమసిద్ధి యేలుచుండెను. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును అంకితమిచ్చినది ఈ రాజునకే. ఓరుగంటి గణపతిదేవుని సాయమున, పోయిన రాజ్యమును మరల పొందినవాడును ఈతడే. కరవు కాలమున కాటమరాజు తన మందలను ఆ సీమ బీళ్లకు తోలుకొని పోయెననియు, పుల్లరి కడ తగవు పుట్టెననియు కథ చెప్పుచున్నది. పుల్లరి యనగా పసుల మేపునకు రాజు పుచ్చుకొను పన్ను. పాలేటి యొడ్డున జరిగిన పోరులో రాజు పక్షమున నిలిచి ఖడ్గతిక్కన మడిసెను.

ఖడ్గతిక్కన మొదట యుద్ధభూమిని విడిచి యింటికి రాగా, తల్లియు భార్యయు ఎత్తిపొడిచిన చాటువులను నేను బడిలో ఏండ్ల తరబడి చెప్పితిని. పిల్లలకవి మిక్కిలి నచ్చెడివి. అయితే ఆ వీరుడు ఎవరితో పోరెనని యడిగినచో తరగతి మూగవోయెడిది. ఒక యేట మాత్రము గొల్లవారి బాలుడొకడు లేచి కాటమరాజు పేరు చెప్పెను. వాడు ఆ పేరును పుస్తకమున చదువలేదు; తాతతో కథకు పోయి బొమ్మను చూచియుండెను. ఒక పక్షమువారి చరిత్ర పద్యములలో నిలువగా, రెండవ పక్షమువారిది ఆ బొమ్మల పెట్టెలో నిలిచినది.

బొమ్మను చరిత్రకు సాక్ష్యముగా కొనవచ్చునా? వేషమును బట్టి కొనరాదు. నకాషీ తన కంటికి తెలిసిన దొరల యుడుపునే కాటమరాజునకు తొడుగును. ముఖపు రంగును పోలిక కొరకు కాదు. దేవతలకు నీలము, దేవేరులకు పసుపు, రాక్షసులకు ముదురు వన్నె యని కట్టడి కలదు. పాతబడిన పటములను నీట విడుచుట ఆచారమగుటచే అతిప్రాచీనమైనవి మనకు చిక్కవు. ఇన్ని చిక్కులున్నను, ఎవరెవరికి బొమ్మ చేయించిరను దానిని నేను గట్టి సాక్ష్యముగానే గ్రహింతును. రాజాస్థానమున వ్రాయని పేర్లను ఒక కులమువారు సొమ్ము వెచ్చించి, తరతరములుగా చేయించుకొనిరి గదా!

ఇక పనితనము. తేలికయైన పొణికి కర్రకు రంపపు పొట్టును చింతగింజల జిగురును కలిపిన ముద్దతో అవయవములు దిద్ది, ఎండిన పిదప సుద్ద పూయుదురు. దీపపు మసి, ఇంగిలీకము, నీలిమందు మున్నగువానిని చెట్టుబంకతో కలిపి రంగులు వేయుట పూర్వపద్ధతి. నేడు అంగడి రంగులును వచ్చినవి. నీటితో కలుపు ఆక్రిలిక్ రంగులు 1950ల దశకమున అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. తడిగా నున్నంతసేపు నీటితో కలియును. ఆరిన పిదప నీటికి లొంగవు. పాశ్చాత్యదేశములలో నెపోలియను కాలపు సైనికుల చిన్న బొమ్మలకు ఈ రంగులనే వేయు వినోదపరులు కలరు. వారు ఏ పటాలము, ఏ యేడు, ఏ గుండీ యని శోధించి గాని కుంచె పట్టరు.

కావున క్రొత్త రంగును నేను దూషింపను. ఊరూర బండిమీద తిరిగిన బొమ్మకు వాననీటికి చెదరని పూత దొరకినచో కీడేమి? కీడు వేరొకచోట కలదు. మందహెచ్చులవాడు బొమ్మ చేయింపవచ్చినపుడు ఫలానా వీరుడు కావలెనని పేరుతో నడిగెడివాడు. కథలు వినువారు తగ్గగా అడుగువారును తగ్గిరి. అంగడికి వచ్చు కొనుగోలుదారు గోడకు వేలాడదీయ ముఖమో, తలపాగాతో పల్లెటూరి దంపతులో చాలునని పోవును. ఆ దంపతులకు పేరు లేదు, కథ లేదు.

చేర్యాల చిత్రకారునొకని నేను ఒక్కటి వేడుకొంటిని: వీరుని బొమ్మ చేసినపుడెల్ల పీఠము క్రింద, ఆ ఆరిన పిదప చెరగని రంగుతోనే, వాని పేరు వ్రాయుమని. ఆయన నవ్వి, సన్నకుంచె తీసి, నాయెదుటనే ఒకదానిపై కాటమరాజని వ్రాసి యిచ్చెను.